బొమ్మలు కదిలించిన బందరు వెంకయ్య

పిల్లలూ, మీ ఊరేదని ఎవరైనా అడిగితే మీలో చాలామంది ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తారు. నాన్నగారికో అమ్మగారికో ఎక్కడ పోస్టింగ్ వస్తే అదే మీ ఊరు. మా సంగతీ అంతే. సూరత్ మాకు ఐదో ఊరు. బదిలీ మీద కొత్త ఊళ్ళో దిగాక, సామాన్ల పెట్టెలు విప్పకముందే మేము చేసే మొదటి పని ఒకటుంది. ఆ ఊళ్ళో తెలుగు ఎక్కడ వినిపిస్తుందో వెతుక్కుంటాం. సూరత్‌లో ఎక్కువ వెతకనక్కర్లేకపోయింది. లింబాయత్ వెళ్ళండి సార్ అని మొదటి వారంలోనే ఇద్దరు ముగ్గురు చెప్పారు.

వెళ్ళి చూస్తే నిజంగానే వరంగల్, కరీంనగర్, నల్గొండల ముక్కలు తెచ్చి అక్కడ అతికించినట్టుంది. మగ్గం పని మీద తరాల కిందటే వలస వచ్చిన కుటుంబాలవి, ఎక్కువమంది పద్మశాలీలు. ఆ ప్రాంతంలో కార్పొరేషన్ వారి తెలుగు మాధ్యమం బడులున్నాయి. దసరా ముందు బతుకమ్మ ఆడతారు. మేము వెళ్ళింది కూడా ఆ బతుకమ్మ రోజుల్లోనే. మమ్మల్ని భోజనానికి పిలిచిన పెద్దాయన ఇంటి వెనకే ఒక షెడ్డు, అందులో మరమగ్గాలు. మనవాళ్ళు వాటిని సాంచాలు అంటారు. ఆ చప్పుడులో పక్కవాళ్ళ మాట వినపడదు. అంతా సైగలతోనే నడుస్తుంది.

అక్కడ మేము ఒక తెలివితక్కువ పని చేయబోయాం. షెడ్డులో పగలు కూడా చీకటిగానే ఉంది. పైన పాత ట్యూబ్‌లైట్ ఒక్కటే వెలుగుతోంది. ఒక మోటారు పక్కన నాలుగు ఆకుల చక్రం, అదే బండి చక్రానికి ఉండే ఆకుల్లాంటివి, చాలా నెమ్మదిగా, అదీ వెనక్కి తిరుగుతూ కనిపించింది. మగ్గాలు ముందుకు ఆడుతుంటే చక్రం వెనక్కి ఎలా తిరుగుతుందా అని మేము వంగి చెయ్యి చాచాం. పెద్దాయన మా మోచెయ్యి పట్టి గట్టిగా వెనక్కి లాగారు. ఏమీ అనలేదు. పక్కనున్న దారం ముక్క ఒకటి తీసి ఆ చక్రం మీదికి విసిరారు. అది ఎటు పోయిందో కూడా మాకు కనిపించలేదు.

ఆ చక్రం సెకనుకు ఇరవై నాలుగు చుట్లు తిరుగుతోందట. మా కళ్ళకు మాత్రం చంటిపిల్లల రంగులరాట్నంలా కనిపించింది.

ఆ రాత్రి క్వార్టర్స్‌కి తిరిగి వచ్చాక కూడా మా మోచెయ్యి నొప్పి తగ్గలేదు. అప్పుడే మాకు రఘుపతి వెంకయ్య గారు గుర్తొచ్చారు. మమ్మల్ని మోసం చేసిన ఆ తమాషా లాంటి తమాషానే నమ్ముకుని, ఉన్న బతుకుతెరువును పణంగా పెట్టిన తెలుగువాడు ఆయన. మీరు తెలుగు సినిమాలు చూస్తారు కదా, హిందీలోనో తెలుగులోనో. ఆయన గురించి ఒకసారి చెప్పుకోవాలి.

వెంకయ్య గారు 1869లో మచిలీపట్నంలో పుట్టారు. మావాళ్ళకు ఆ ఊరు బందరు. బందరు లడ్డూ ఎంత ప్రసిద్ధో బందరు కలంకారీ కూడా అంతే. అద్దకపు అచ్చులతో బట్ట మీద బొమ్మలు వేసే ఊరు అది. ఆ ఊరి కుర్రవాడు పదిహేడేళ్ళ వయసులో మద్రాసు చేరాడు. ఫొటోగ్రఫీ నేర్చుకుని స్టూడియో పెట్టాడు. ఆ రోజుల్లో ఫొటో అంటే పెద్ద కార్యక్రమం. కుటుంబమంతా పట్టుబట్టలు కట్టుకుని వచ్చి బిగుసుకుపోయి కూర్చునేవారు. పెళ్ళికూతురు ఊపిరి బిగబట్టేది, చంటివాడు కదిలితే ఫొటో పాడయ్యేది. కదలకండి అని చెప్పడమే ఫొటోగ్రాఫరు వృత్తి. ఇరవై ఏళ్ళకు పైగా వెంకయ్య గారు మనుషుల్ని కదలకుండా కూర్చోబెట్టే పని చేశారు, దానితో బాగానే సంపాదించారు.

అలాంటి మనిషి నలభయ్యో పడిలో, స్టూడియో తాకట్టు పెట్టి, కదిలే బొమ్మల యంత్రం కొన్నారు. దాని పేరు క్రోనోమెగాఫోన్. ఖరీదు ముప్పై వేల రూపాయలని చెబుతారు. 1910 ప్రాంతపు ముప్పై వేలు అంటే ఇప్పుడు మనం ఊహించుకోవలసిందే. ఇంట్లోవాళ్ళు ఏమన్నారో ఎవరూ రాసిపెట్టలేదు గాని, నడుస్తున్న దుకాణం తాకట్టు పెట్టి తెల్లగుడ్డ మీద వెలుగును నమ్ముకుంటానంటే ఏ ఇంట్లోనైనా ఏమంటారో మనకు తెలుసు.

ఇంతకీ ఆయన కొన్నది ఏమిటి? ఒక పక్క ఫిల్మ్ చూపించే యంత్రం, ఇంకో పక్క గ్రామఫోను రికార్డు. రెండూ ఒకే వేగంతో నడిచేలా కరెంటుతో ముడిపెట్టారు. గ్రామఫోను గొంతు పెద్ద హాలుకు చాలదు కాబట్టి గాలిని ఒత్తిడితో పంపి దాన్ని పెద్దది చేసేవారు. బొమ్మ పెదవులు కదుపుతుంటే రికార్డు పాడుతుంది. టాకీలు రావడానికి ఇంకా ఇరవై ఏళ్ళుంది. మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలులో జనం దాన్ని చూసి నోరెళ్ళబెట్టారు.

ఇక్కడ కాసేపు వెంకయ్య గారిని ఆ హాలులోనే ఉంచి, తెర దగ్గరికి వెళ్దాం. ఎందుకంటే ఆయన అమ్ముతున్న సరుకు నిజానికి తెర మీద లేదు.

ఫిల్మ్ రీలులో ఉండేవన్నీ కదలని ఫొటోలే. వెంకయ్య గారు స్టూడియోలో తీసినలాంటివే, ఒకదానికొకటి కాస్త తేడాతో వరసగా ఉంటాయి. మూకీల రోజుల్లో చేత్తో తిప్పే యంత్రాలు ఎక్కువ, అందుకని సెకనుకు పదహారు బొమ్మలు అటూ ఇటూగా పోయేవి. టాకీలు వచ్చాక అది 24కు స్థిరపడింది. ఒక బొమ్మ తప్పుకుని ఇంకో బొమ్మ వచ్చేటప్పుడు ఆ జరగడం మనకు కనపడకూడదు కాబట్టి వెలుగుకు అడ్డంగా ఒక రెక్క వస్తుంది. అప్పుడు తెర చీకటి. రీలు సినిమా రెండు గంటలైతే అందులో దాదాపు గంటసేపు తెర మీద ఏమీ ఉండదు! చీకట్లో కూర్చుని చీకటినే చూస్తాం. అయినా కథానాయకుడు గుర్రమెక్కి పోతూనే ఉంటాడు.

మరి ఆ గుర్రం ఎక్కడ పరుగెత్తింది? తెర మీద పరుగెత్తలేదు, అక్కడున్నవి నిలబడిపోయిన గుర్రాలే. కంటిలో వెలుగు ముద్ర కాసేపు నిలిచి ఉంటుంది, అందువల్ల బొమ్మలు కలిసిపోతాయి అని పాత పుస్తకాల్లో ఉంటుంది. మేమూ బళ్ళో అదే చదివాం. చీకటి మెరుపులు తెలియకపోవడానికి ఆ మాట కొంత సరిపోతుంది. కదలికకు సరిపోదు. ముద్రలు ఒకదాని మీద ఒకటి నిలిచిపోతే గుర్రం పరుగెత్తదు, అలుక్కుపోయిన మరకలా కనిపిస్తుంది.

ఇంచుమించు అదే రోజుల్లో, 1910లో, ప్రాగ్‌లో పుట్టిన మాక్స్ వెర్తైమర్ అనే యువకుడు రైల్లో వెళ్తూ ఇదే విషయం ఆలోచించాడు. మధ్యలో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగిపోయి, బొమ్మలు తిరిగే ఆటవస్తువు కొనుక్కుని హోటల్ గదిలో పరీక్షలు మొదలుపెట్టాడని చెబుతారు. ఆ తర్వాత ప్రయోగశాలలో ఆయన చేసిన పని చాలా సులువైనది. ఒక చోట ఒక గీత మెరిపించాడు, కొంచెం ఆగి పక్కన ఇంకో గీత. రెంటి మధ్య సెకనులో ఐదో వంతు ఆగితే, ఒకటి పోయాక ఇంకొకటి వచ్చిందని చూసేవాళ్ళు చెప్పారు. చాలా తక్కువ, సెకనులో ముప్పయ్యో వంతు ఆగితే, రెండూ ఒకేసారి వెలిగాయన్నారు. ఈ రెంటికీ మధ్య, సుమారు సెకనులో పదహారో వంతు దగ్గర, విచిత్రం జరిగింది. ఒకే గీత ఇక్కణ్ణుంచి అక్కడికి జరిగిందని అందరూ అన్నారు. జరిగిన గీత అక్కడ లేదు. మధ్యలో వెలుగే లేదు. 1912లో ఆయన దీన్ని అచ్చు వేయించాడు. కదలిక కంటికి అందే వస్తువు కాదు, మెదడు తయారుచేసి ఇచ్చే వస్తువు అన్నది అక్కణ్ణుంచే గట్టిపడింది.

మెదడులో తల వెనక వైపు, పక్కగా, కదలికను చూసుకునే ప్రత్యేకమైన చోటు ఉందని తర్వాత తెలిసింది. రక్తం గడ్డకట్టి రెండు వైపులా ఆ భాగం దెబ్బతిన్న ఒక మహిళ గురించి 1983లో జర్మనీ పరిశోధకులు రాశారు. ఆమెకు రంగులు కనిపించేవి, మనుషులు కనిపించేవారు. కదలిక మాత్రం కనిపించేది కాదు. కప్పులో టీ పోస్తుంటే ధార గడ్డకట్టినట్టు నిలిచి ఉండేది, కప్పు ఎప్పుడు నిండిందో తెలిసేది కాదు. రోడ్డు మీద దూరంగా ఉన్న కారు, ఉన్నట్టుండి పక్కనే ఉండేది. వెంకయ్య గారి హాలులో ఆమె కూర్చుని ఉంటే ఫొటోల వరసే చూసి ఉండేది.

ఇప్పుడు లింబాయత్ చక్రం లెక్క వేసుకోవచ్చు. మన కరెంటు వల్ల పాతరకం ట్యూబ్‌లైట్ వెలుగు సెకనుకు 100 సార్లు తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. ఆ మోటారు నిమిషానికి 1440 చుట్లు, అంటే సెకనుకు 24. నాలుగు ఆకులు కాబట్టి ఒక ఆకు ఉన్న చోటికి సెకనుకు 96 సార్లు ఏదో ఒక ఆకు వస్తుంది. వెలుగు మాత్రం 100 సార్లు పెరుగుతుంది. వెలుగు పెరిగిన ప్రతిసారీ, ముందు ఆకు ఉన్న చోటికి వెనకాకు కొద్దిలో చేరకుండా ఉంటుంది. నాలుగు ఆకులూ ఒకేలా ఉన్నాయి కదా, ఇది వెనకాకు అని మెదడుకు తెలియదు. పాత ఆకే కాస్త వెనక్కి జరిగిందని దగ్గరిదాన్ని దగ్గరిదానితో కలిపేస్తుంది. అలా సెకనుకు 24 చుట్లు ముందుకు తిరిగే చక్రం, సెకనుకు ఒక చుట్టు వెనక్కి తిరిగినట్టు కనిపించింది. సినిమాలో రథచక్రాలు వెనక్కి తిరగడం మీరు చూసే ఉంటారు. లెక్క అదే, అక్కడ ట్యూబ్‌లైట్ బదులు కెమెరా ఉంటుంది. అడవిలో పులినీ జింకనూ చూడటానికి ఈ దగ్గరిదానితో కలిపే పద్ధతి చక్కగా పనికొచ్చింది. ట్యూబ్‌లైట్ కింద మోటారు చూడవలసి వస్తుందని మెదడుకు ఎవరూ చెప్పలేదు.

ఇక పాట సంగతి. గ్రామఫోను బూర ఒక చోట, తెర మీద పెదవులు ఇంకో చోట. అయినా జనానికి పాట ఆ పెదవుల్లోంచే వినిపించింది. ఇది మన తెలుగువాళ్ళకు కొత్త కాదు. తోలుబొమ్మలాట గుర్తు చేసుకోండి, చూడకపోతే ఈ వేసవిలో తాతగారిని అడగండి. తెర వెనక ఉన్నవాళ్ళే రావణుడికీ సీతకూ కేతిగాడికీ గొంతు ఇస్తారు. మనకు రావణుడి మాట రావణుడి బొమ్మలోంచే వస్తుంది. ఎవరి బొమ్మ ఊగితే గొంతును వాళ్ళకు కట్టబెట్టేస్తుంది మెదడు. మాట ఎక్కణ్ణుంచి వచ్చిందనే విషయంలో చెవి కన్నా కంటినే ఎక్కువ నమ్ముతుంది. మీరు హిందీలోకి మార్చిన తెలుగు సినిమాలు చూస్తారు కదా. మొదటి ఐదు నిమిషాలు పెదవులు తెలుగు, మాట హిందీ అని తెలుస్తూనే ఉంటుంది. తర్వాత మర్చిపోతారు. ఆ మర్చిపోవడంలోనే అంతా ఉంది.

అయితే మెదడుకు ఓర్పు ఉన్నా దానికో హద్దుంది. మాట కాస్త ఆలస్యంగా వస్తే సర్దుకుంటుంది, ముందుగా వస్తే తొందరగా పట్టేస్తుంది. లోకంలో వెలుగు ముందూ శబ్దం వెనకా రావడం దానికి అలవాటు, ఉరుము సంగతి తెలిసిందే కదా. క్రోనోమెగాఫోన్ లాంటి యంత్రాలకు ఈ హద్దే ప్రాణసంకటం. రికార్డు మీద ముల్లు ఒక గాడి తప్పినా, తెగిన ఫిల్మ్ అతికించినప్పుడు నాలుగు బొమ్మలు పోయినా, పాట ఒక దారి, పెదవులు ఒక దారి. అప్పుడు హాలంతా నవ్వులే. అలాంటి యంత్రాన్ని వెంకయ్య గారు మద్రాసులో ఒక్క చోట పెట్టుకుని కూర్చోలేదు. డేరాతో సహా ఊరూరా తిప్పారు. తెలుగు ఊళ్ళు, బెంగళూరు, అటు సింహళం, ఇటు సముద్రం దాటి బర్మా. ఓడలెక్కించి, బళ్ళెక్కించి, మళ్ళీ మళ్ళీ విప్పి బిగించి. సామాన్ల పెట్టెలు విప్పడం, కట్టడం మనకు తెలిసిన విద్యే గాని, ఆయన పెట్టెల్లో ముప్పై వేల రూపాయల అప్పు ఉండేది.

తిరిగొచ్చాక మద్రాసులో 1914 ప్రాంతంలో గెయిటీ అనే సినిమాహాలు కట్టించారు. ఆ నగరంలో ఒక భారతీయుడు కట్టిన మొదటి సినిమాహాలుగా దాన్ని చెబుతారు. ఆ తర్వాత క్రౌన్, గ్లోబ్. అంతటితో ఆగినా హాయిగా బతికేవారు. ఊళ్ళో మూడు హాళ్ళున్న మనిషికి ఏం తక్కువ? కాని వాటిలో ఆడేవన్నీ ఎక్కడివో బొమ్మలు. మన కథలు మనమే తీయాలన్న పట్టుదల ఆయనది. 1913లో బొంబాయి వైపు ఫాల్కే గారు రాజా హరిశ్చంద్ర చూపించి ఉన్నారు. వెంకయ్య గారు కొడుకు సూర్యప్రకాశ్‌ను సినిమా విద్య నేర్చుకోవడానికి ఇంగ్లండుకు పంపారు. ప్రకాశ్ గారు అక్కడ నేర్చుకుని, ఐరోపా, అమెరికా స్టూడియోలు కూడా చూసి వచ్చారు.

1921లో తండ్రీకొడుకులు మద్రాసులో స్టార్ ఆఫ్ ది ఈస్ట్ అనే సంస్థ పెట్టారు. పగటి వెలుగు లోపలికి రావడానికి స్టూడియోకి గాజు కప్పు వేయించారు. అక్కడ తీసిన భీష్మ ప్రతిజ్ఞను మొదటి తెలుగు మూకీ చిత్రంగా లెక్కిస్తారు. ప్రకాశ్ గారే దర్శకుడు, ఆయనే భీష్ముడు. ఇక్కడ మాకు ఒక విషయం తమాషాగా అనిపిస్తుంది. మాట్లాడే బొమ్మలతో మొదలుపెట్టిన వెంకయ్య గారి మొదటి సొంత సినిమాకు మాట లేదు. అదీ ఏ కథకు? ఒక మనిషి అన్న మాట మీదే నిలబడిన కథకు! తెర మీద భీష్ముడు చెయ్యెత్తి పెదవులు కదిపితే సరిపోయింది. ఆ రోజుల్లో తెర పక్కన నిలబడి కథ చెప్పేవాళ్ళుండేవారు. అయినా ఆ కథ తెలియని ప్రేక్షకుడెవరు? కదలిక లాగే మాటనూ వాళ్ళు ఇంటినుంచే తెచ్చుకున్నారు.

ఆ సినిమా ఇప్పుడు మనం చూడలేం, ప్రతి మిగల్లేదు. గజేంద్ర మోక్షం, మత్స్యావతారం వంటివి కూడా ఆ సంస్థ తీసింది. పేర్లు మిగిలాయి. సినిమా తీయడం డబ్బు తినే పని, అప్పుడైనా ఇప్పుడైనా. వచ్చిందంతా మళ్ళీ దానిలోనే పోసిన వెంకయ్య గారికి చివరికి హాళ్ళు చేయి జారాయి, అప్పులు మిగిలాయి. 1932లో మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద వచ్చింది. బొమ్మా పాటా ఒకే ఫిల్మ్ మీద, విడిపోయే భయం లేకుండా. ఇరవై రెండేళ్ళ కిందట రెండు యంత్రాలను కలిపి నడపడానికి ఆయన పడ్డ తంటాలు అక్కడితో తీరిపోయాయి. అప్పటికి ఆయనకు అరవై దాటాయి, ఆ వ్యాపారం వేరేవాళ్ళ చేతుల్లో ఉంది.

1941 మార్చి 15న వెంకయ్య గారు కన్నుమూశారు. నలభై ఏళ్ళ తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సినిమావాళ్ళకు ఇచ్చే పెద్ద పురస్కారానికి ఆయన పేరు పెట్టింది. టీవీలో ఆ పురస్కారం పేరు వింటే ఇక మీకు తెలుస్తుంది, అది బందరు నుంచి వచ్చిన ఫొటోగ్రాఫరు పేరని.

మీ దగ్గర పాత నోటు పుస్తకం ఉంటే ఒక పని చేయండి. ప్రతి పేజీ కింది మూలన ఒక బంతి గీయండి, పేజీ మారినకొద్దీ కాస్త పైకి. ముప్పై పేజీలు చాలు. బొటనవేలితో గబగబా వదిలితే బంతి ఎగురుతుంది. నెమ్మదిగా వదిలితే ఎగరదు, ముప్పై బంతులు విడివిడిగా కనిపిస్తాయి. ఏ వేగం దగ్గర అది ఎగరడం మొదలవుతుందో చూసి, తరగతికి వచ్చి మాకు చెప్పండి. మా ఏడో తరగతిలో ఒకరు బంతి బదులు సాంచె గీసి తెచ్చారు, కండె అటూ ఇటూ పరుగెత్తుతూ.

సంక్రాంతికి మళ్ళీ లింబాయత్ వెళ్ళాం. పెద్దాయన ఆ మోటారుకు ఇనుప జాలీ బిగించారు. మా కోసం కాదట, మనవడు నడక నేర్చాడట. జాలీ వెనక చక్రం ఎప్పటిలాగే తీరిగ్గా వెనక్కి తిరుగుతోంది. లెక్కంతా తెలిశాక కూడా మాకు వెనక్కే తిరిగింది. చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశాం.